కాకుల్నీ లెక్కపెట్టండి

ఏటా మార్చి 20, అంటే ప్రపంచ పిచ్చుకల దినోత్సవం, దగ్గర పడగానే ఒకటే మాట వినిపిస్తుంది. పిచ్చుకలు అంతరించిపోతున్నాయి, సెల్ టవర్లు వాటిని మింగేస్తున్నాయి అని. దేశమంతటా పక్షి పరిశీలకులు రాసిపెట్టిన కోటికి పైగా నమోదుల్ని జల్లెడ పట్టి 2020లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక మాత్రం ఇంకో సంగతి చెప్పింది. పాతికేళ్లలో దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది పెద్ద నగరాల్లో. టవర్ల మీద మోపిన నేరానికి సరైన సాక్ష్యం లేదు. అదే నివేదికలో గద్దలు, రాబందుల వంటి వేట పక్షులు, గడ్డి మైదానాల పక్షులు, చలికాలంలో తీరాలకు వలసొచ్చే ఉల్లంకి జాతులు బాగా పడిపోతున్నట్టు తేలింది. పిచ్చుకలకి గూళ్ల కోసం పంచినట్టు వాటి కోసం ఎవరూ చెక్కపెట్టెలు పంచలేదు.

పిచ్చుక మీద ప్రేమ ఉండటం తప్పు కాదు. నా అభ్యంతరం వేరే. పక్షుల్ని కాపాడాలని బయల్దేరేవాళ్లలో చాలామంది ముందు పని మొదలుపెట్టేసి, లెక్క సంగతి తర్వాత చూద్దాం అనుకుంటారు. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు. లెక్క లేనిదే ఏ పక్షికి సాయం కావాలో తెలియదు. చేసిన సాయం ఫలించిందో వికటించిందో అసలే తెలియదు. జీతం లేకుండా, ఇష్టం కొద్దీ ఈ పనిలోకి వచ్చినవాళ్లు చేయగలిగిన అతి విలువైన పని ఒకటే: ఒకే చోటికి, ఒకే పద్ధతిలో, ఏళ్ల తరబడి వెళ్లి, కనబడిన ప్రతి పక్షినీ రాయడం. కాకితో సహా. చప్పటి పనే. అరుదైన పక్షి ఫొటోకి వచ్చే మెప్పులో పదో వంతు కూడా దీనికి రాదు.

ఎక్కువగా ఉన్నదే ముందు జారిపోతుంది

1980లలో తెల్లవీపు రాబందు ప్రపంచంలోని పెద్ద వేట పక్షులన్నిటిలోకీ సంఖ్యలో ఎక్కువ అయ్యుండొచ్చని అంచనా. అంత విరివిగా ఉన్నదాన్ని ఎవరు లెక్కపెడతారు? అదృష్టం కొద్దీ, 1990ల తొలి ఏళ్లలో రోడ్ల వెంట వాహనంలో వెళ్తూ వేట పక్షుల్ని లెక్కించిన సర్వే ఒకటి ఉంది. 2000లో మళ్లీ అలాగే లెక్కించారు. రాబందులు 90 శాతానికి మించి తగ్గిపోయాయి. పశువులకిచ్చే నొప్పి మందు డైక్లోఫెనాక్ దీనికి కారణమని 2004లో తేలింది. ఆ మందు వాడిన పశువు చచ్చాక దాని కళేబరం తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడైపోతాయి. 2006లో భారత్ పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. దోషిని పట్టుకున్నది ప్రయోగశాలే. అయితే అక్కడ నేరం జరుగుతోందని చెప్పింది మాత్రం రెండు లెక్కల మధ్య తేడా. మొదటి లెక్క లేకపోయుంటే 2000 నాటి అంకె ఒట్టి అంకెగానే మిగిలేది.

ఉత్తర అమెరికాలోనూ ఇదే కథ. అక్కడ 1966 నుంచి వేల మంది స్వచ్ఛందంగా రోడ్డు పక్కన నిలబడి లెక్కిస్తున్న బ్రీడింగ్ బర్డ్ సర్వే ఉంది. ఒక్కో దారి సుమారు 39 కిలోమీటర్లు, మధ్యలో 50 మజిలీలు, ఒక్కో మజిలీ దగ్గర సరిగ్గా 3 నిమిషాలు, మొదలుపెట్టేది సూర్యోదయానికి అరగంట ముందు. ఇలాంటి లెక్కలన్నీ కలిపి 2019లో శాస్త్రవేత్తలు వేసిన అంచనా ప్రకారం 1970 తర్వాత ఆ ఖండంలో సుమారు 290 కోట్ల పక్షులు తగ్గాయి, అంటే దాదాపు 29 శాతం. ఆ నష్టంలో 90 శాతానికి పైగా పన్నెండు కుటుంబాల పక్షులదే. అవి అక్కడి పిచ్చుక జాతులు, ఫించ్‌లు, నల్లపిట్టల వంటి మామూలు పక్షులు. అరుదైన పక్షుల వెంట మాత్రమే పరిగెత్తేవాళ్లకి ఇదంతా కళ్లెదుటే జరిగినా కనబడదు.

ఏది లెక్క, ఏది కాదు

ఒక జాబితా శాస్త్రానికి పనికిరావాలంటే అందులో పక్షుల పేర్లతో పాటు ఐదు సంగతులుండాలి: చోటు, మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, ఎంతమంది కలిసి చూశారు. పక్షుల జాబితాల్ని ఇంటర్నెట్‌లో నమోదు చేసుకునే ఈ-బర్డ్ లాంటి వేదికలు చివర్లో అడిగే ప్రశ్న ఇంకోటుంది: గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ రాశారా? ఆ ప్రశ్నకి ‘అవును’ అనగలిగితేనే అది సంపూర్ణ జాబితా. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుని ఏదో ఒకటి నొక్కేస్తారు. నిజానికి మొత్తం ప్రయత్నానికి ఆయువుపట్టు అదే.

ఎందుకంటే, సంపూర్ణ జాబితాలో గోరింక లేదంటే ఆ అరగంటలో అక్కడ గోరింక కనబడలేదని అర్థం. అది సున్నా, దానికో విలువుంది. నచ్చిన నాలుగు పక్షులే రాసిన జాబితాలో గోరింక లేకపోతే ఏ అర్థమూ లేదు. కనబడలేదో, చూసి వదిలేశారో ఎవరికీ తెలియదు. వంద సంపూర్ణ జాబితాల్లో ఒకప్పుడు 60 చోట్ల గోరింక ఉండి, పదేళ్లకి 35 చోట్లే కనిపిస్తే అప్పుడు ఏదో జరిగిందని అనుమానించవచ్చు. ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ వెనకున్న గణితం సారాంశంలో ఇదే. అక్కడో చిక్కుంది. పదేళ్ల కిందట జనం మూడేసి గంటల జాబితాలు రాసి, ఇప్పుడు పావుగంటవి రాస్తుంటే గోరింకలు తగ్గకుండానే తగ్గినట్టు కనిపిస్తాయి. అందుకే విశ్లేషించేవాళ్లు ఒక్కో జాబితా వెనక ఎంత శ్రమ ఉందో లెక్కలోకి తీసుకుంటారు. సమయం రాయని జాబితాకి ఆ దిద్దుబాటు సరిగా చేయలేరు. నిమిషాలు ఎందుకు రాయాలంటే అందుకు.

జాబితా 15 నిమిషాల నుంచి గంట వరకు ఉండేలా చూసుకోండి. దూరం రెండు కిలోమీటర్ల లోపు ఉంటే మేలు. 30 మీటర్ల పరిధిలోనే ఉండిపోతే అది నిలబడి చూసిన లెక్క, దాటితే నడక లెక్క. చెరువు గట్టు మీద మొదలై పొలాల్లోంచి గుట్ట ఎక్కితే మూడు జాబితాలు రాయాలి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం నాలుగు వరకు తిరిగి ఒకే జాబితాలో 90 జాతులు రాసుకుంటే సొంత సంబరానికి బాగానే ఉంటుంది. ఏ పక్షి ఏ నేలకి చెందిందో అందులోంచి తవ్వి తీయడం ఎవరి తరమూ కాదు.

సంఖ్య రాయకుండా ‘ఉంది’ అని గుర్తు పెట్టడం ఇంకో బద్ధకం. కాకి రెండుంటే ఆ గుర్తే, రెండు వేలుంటే ఆ గుర్తే. కచ్చితమైన సంఖ్య తెలియకపోతే అంచనా రాయండి. 40కి 50 రాసినా ఖాళీ కన్నా నయం. పెద్ద గుంపుల్ని లెక్కించడానికి ఒక పద్ధతుంది. ముందు పది పక్షుల్ని విడిగా లెక్కపెట్టి, అవి ఆక్రమించిన జాగాని కంటితో పట్టుకోవాలి. ఆ జాగా మొత్తం గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూడాలి. గుంపు వెయ్యి దాటితే పదికి బదులు వందని కొలతగా పెట్టుకోవాలి. ఎగిరే గుంపుని ముందు వరస నుంచి వెనక్కి లెక్కించాలి. గుంపు పెద్దదయ్యేకొద్దీ మనిషి కన్ను తక్కువే అంచనా వేస్తుంది. అలవాటు లేనివాళ్లు వేయి బాతుల్ని ఆరేడు వందలని రాయడం వింతేమీ కాదు. తెలిసిన సంఖ్య ఉన్న ఫొటోలు ముందు పెట్టుకుని సాధన చేస్తే ఈ లోపం చాలావరకు పోతుంది. వేర్వేరు జాతులు కలిసిన గుంపైతే ముందు మొత్తం సంఖ్య తేల్చుకుని, తర్వాత గుంపులో నాలుగైదు చోట్ల కొన్నికొన్ని పక్షుల్ని చూసి నిష్పత్తి కట్టాలి. ఒక్క అంచు చూసి నిష్పత్తి కడితే తప్పుతుంది, ఎందుకంటే లోతుని బట్టి నీటి పక్షులు జాతుల వారీగా విడిపోతాయి. పొట్టి కాళ్లవి అంచున, పొడుగు కాళ్లవి లోపల.

సాయంత్రం గూటికి చేరే చిలకల్ని, కొంగల్ని లెక్కించేటప్పుడు ఇద్దరుండాలి. రెండు చెట్ల మధ్య గాలిలో ఒక గీత ఊహించుకుని, అది దాటి లోపలికి వచ్చినవి కలుపుతూ, బయటికి పోయినవి తీసేస్తూ ఒకరు చెప్పాలి, రెండోవాళ్లు ఐదేసి నిమిషాలకొక వరసగా రాయాలి. ఒకరే చూసి ఒకరే రాస్తే కాగితం మీదికి తల వంచిన ప్రతిసారీ ఒక గుంపు తప్పించుకుంటుంది.

ఒకే పక్షిని రెండుసార్లు లెక్కించకుండా ఉండాలంటే, వెళ్లిన దారినే తిరిగొచ్చేటప్పుడు కొత్త జాతులు కనబడితే తప్ప సంఖ్యలు కలపకూడదు. ఆకాశంలో గిరికీలు కొట్టే గద్దల విషయంలో ఒకేసారి కనబడిన గరిష్ఠ సంఖ్యే రాయాలి.

వెళ్లాల్సిన వేళ గడియారం ప్రకారం పెట్టుకోవద్దు, సూర్యోదయాన్ని బట్టి పెట్టుకోండి. జూన్‌లో ఆరున్నరకీ జనవరిలో ఆరున్నరకీ పక్షి దృష్టిలో పోలిక లేదు. చిన్న పక్షులు సూర్యోదయం తర్వాత రెండు మూడు గంటలే జోరుగా పలుకుతాయి. ఆకులూ సన్న కొమ్మలూ ఆగకుండా కదిలేంత గాలి ఉంటే ఆ రోజు మానుకుని మర్నాడు వెళ్లడమే మంచిది. గాలి చప్పుడులో సన్నని కూతలు వినబడవు. మీ కాగితం మీద మాత్రం పక్షులు తగ్గినట్టు పడుతుంది. ఆగి చూసే మజిలీలు పెట్టుకుంటే ఒక్కోదాని మధ్య 200 మీటర్లయినా ఎడం ఉండాలి, లేకపోతే మొదటి మజిలీలో కూసిన కోకిలే రెండో మజిలీలోనూ లెక్కకెక్కుతుంది.

ఇక యాప్‌లు. కూత విని పేరు చెప్పే మెర్లిన్ లాంటివి నేర్చుకునేవాళ్లకి వరమే. అయితే అవి చెప్పిన ప్రతి పేరునీ జాబితాలోకి దించేయడం ఈమధ్య అంటురోగంలా పాకింది. ఇతర పక్షుల గొంతులు అనుకరించే పక్షులున్నాయి, దూరాన లారీ హారన్లున్నాయి, రికార్డింగ్‌లో రొద ఉంటుంది. యాప్ చెప్పింది సూచన మాత్రమే. మీరు స్వయంగా చూసో, కూతని పోల్చుకునో ఉంటేనే రాయాలి. పేరు తేలని పక్షిని ‘ఏదో గద్ద’ అని రాసినా జాబితా సంపూర్ణమే. ఊహించి పేరు పెట్టడం కన్నా అది వెయ్యి రెట్లు నయం. నమోదుల్ని సరిచూసే స్వచ్ఛంద సమీక్షకులు ఫొటో ఉందా, ఏ గుర్తులు చూశారు అని అడిగితే కొందరు అవమానంగా తీసుకుంటారు. అడిగేది పక్షి గురించే, పెద్దమనిషి తనం గురించి కాదు.

యంత్రం కన్నా పెద్ద దోషం పరిశీలకుడిలోనే ఉంటుంది. వయసు పైబడేకొద్దీ సన్నని, ఎత్తు స్వరాలు వినబడటం తగ్గుతుంది. ఇరవయ్యేళ్లుగా ఒకే మనిషి లెక్కిస్తున్న చోట సన్నగా కూసే పక్షులు మాత్రమే ‘తగ్గుతుంటే’ ముందు చెవి పరీక్ష చేయించుకోవడం మంచిది. కొత్తగా చేరినవాళ్లది దీనికి తిరగబడిన లోపం. ఒక దారిలో మొదటి ఏడాది తక్కువ పక్షులు దొరుకుతాయి, రెండో ఏడాదికి ఆ చోటు అలవాటై ఎక్కువ దొరుకుతాయి. బ్రీడింగ్ బర్డ్ సర్వే సమాచారంలో ఈ లక్షణం స్పష్టంగా బయటపడింది కాబట్టి, విశ్లేషకులు పరిశీలకుడి మొదటి ఏడాదిని విడిగా చూస్తారు. మీ సొంత లెక్కల్లోనూ మొదటి సీజన్ పక్కన ఒక గుర్తు పెట్టుకోండి.

ఎవరూ వెళ్లని చోట్లు

మనుషులు సెలవు రోజున, దారి బాగున్న చోటికి, పక్షులు దండిగా ఉన్న చెరువుకి వెళ్తారు. తప్పేం లేదు గానీ, అందరి జాబితాలూ అభయారణ్యాల నుంచే వస్తే దేశమంతా పక్షులతో కళకళలాడుతున్నట్టే కనిపిస్తుంది. బీడు భూములు, ముళ్లపొదలు, పంట పొలాలు, కొత్తగా లేచిన కాలనీల అంచులు కాగితం మీద ఖాళీగా మిగిలిపోతాయి. మార్పు వేగంగా జరుగుతున్నది మాత్రం అక్కడే.

దీనికి మందు పక్షుల అట్లాస్. పటాన్ని గళ్లుగా కోసి, ఏ గడికి వెళ్లాలో లాటరీలా ఎంచి, అక్కడ ఏమున్నా లేకున్నా వెళ్లి రాయడం. బ్రిటన్‌లో 1994లో మొదలైన బ్రీడింగ్ బర్డ్ సర్వే ఇలాగే ఎంచిన కిలోమీటరు చదరాల్లో నడుస్తోంది. ఒక్కో చదరంలో రెండు గీతల వెంట నడక, సీజన్‌లో రెండుసార్లు లెక్క, పక్షి గీతకి 25 మీటర్ల లోపు ఉందా, 25 నుంచి 100 మధ్యా, ఇంకా దూరమా, ఎగిరిపోతోందా అని నాలుగు గళ్లలో నమోదు. దగ్గరివి ఎన్ని దొరికాయి, దూరానివి ఎన్ని దొరికాయి అన్న తేడాని బట్టి కంటపడకుండా పోయినవి ఎన్నో అంచనా కడతారు. కేరళ వాళ్లు 2015 నుంచి 2020 వరకు వెయ్యి మందికి పైగా స్వచ్ఛంద పరిశీలకులతో రాష్ట్రమంతా ఇలా గళ్లు కట్టి తిరిగి, 25 వేలకు పైగా జాబితాలతో 361 జాతుల వ్యాప్తిని పటం మీద పెట్టారు. ఇంతమందిని ఏళ్ల తరబడి జీతాలిచ్చి తిప్పే ఏర్పాటు చేయడం ఏ సంస్థకైనా తలకు మించిన భారం. మామూలు జనం చేయగల గొప్ప పని ఏదంటే నేను ముందుగా చూపించేది దీన్నే.

చిన్న జట్టు కూడా ఇదే పద్ధతి వాడొచ్చు. మీ పరిధిని అర కిలోమీటరు గళ్లుగా గీసి, చీటీలేసి ఎనిమిదో పదో గళ్లు తీయండి. వాటిలో ఒకటి చెత్త కుప్పల దగ్గర పడితే మార్చుకోవద్దు. మార్చుకున్న క్షణం లాటరీ పోయి మన ఇష్టం వచ్చి కూర్చుంటుంది.

గూడు పెట్టె పెట్టి వదిలేస్తే

పిచ్చుక పెట్టెల పంపకంలో నాకు నచ్చనిది పంపకం కాదు, ఆ తర్వాత ఎవరూ తొంగి చూడకపోవడం. పెట్టె పని చేయాలంటే ఆ చోట గూటికి తొర్రలు లేకపోవడమే అసలు కొరతై ఉండాలి. కొరత తిండిదైతే పెట్టె వల్ల మేలు లేదు. ముదిరిన పిచ్చుక గింజలు తింటుంది గానీ, కొత్తగా పుట్టిన పిల్లలకి పురుగులు కావాలి. చుట్టూ మందు కొట్టిన పచ్చిక, సిమెంటు గచ్చు తప్ప ఏమీ లేకపోతే పెట్టెలో గుడ్లు పొదుగుతాయి, పిల్లలు వారం తిరక్కుండా చనిపోతాయి. బయటి నుంచి చూసేవాళ్లకి మాత్రం పెట్టెలో పిచ్చుక చేరింది, విజయం.

కొలతలు చెబుతాను. పిచ్చుకకి ప్రవేశ రంధ్రం 32 మిల్లీమీటర్లు. 45కి పెంచితే గోరింకంత పిట్టలు దూరతాయి. రంధ్రం అడుగు అంచు నుంచి పెట్టె నేల దాకా 12 సెంటీమీటర్లకు తగ్గని లోతుండాలి, లేకపోతే పిల్లి పంజాకి పిల్లలు అందుతాయి. చెక్క 15 నుంచి 20 మిల్లీమీటర్ల మందం. రేకు, పలచని ప్లాస్టిక్, అట్టపెట్టె వద్దు. ఎండలో లోపల గుడ్లు ఉడికిపోతాయి. రంధ్రం కింద కర్ర బిగించొద్దు. పిచ్చుకకి దాని అవసరం లేదు, ఎక్కి కూర్చుని లోపలికి మెడ చాచే శత్రువుకే ఉంది. కప్పు కింద గాలి ఆడే సందు, నేలలో నీరు కారే నాలుగు చిన్న బెజ్జాలు, లోపల రంగు లేకపోవడం, 2 నుంచి 4 మీటర్ల ఎత్తు, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడని ముఖం. కప్పుకి బందు పెట్టి తెరిచేలా చేయండి, లేకపోతే తర్వాత శుభ్రం చేయలేరు.

ఇక అసలు పని. మూడు నాలుగు రోజులకొకసారి, నిమిషం లోపు, కర్రకి కట్టిన అద్దంతోనో ఫోన్‌తోనో లోపల చూసి గుడ్లెన్ని, పిల్లలెన్ని అని రాయాలి. తెల్లవారుజామున వద్దు, తల్లి గుడ్డు పెట్టే వేళ అది. చీకటి పడేటప్పుడు, వానలో కూడా వద్దు. పిల్లలకి ఈకలు నిండాక, అంటే సుమారు 12 రోజులు దాటాక, పెట్టె తెరవకూడదు; బెదిరి ఎగరడం రాకముందే బయటికి దూకేస్తాయి. ఇలా రాసిన కాగితాన్ని చదివితే రోగం ఎక్కడుందో దాదాపు తెలిసిపోతుంది. గుడ్లు పగిలి పిల్లలు రాకుండా మిగిలిపోతే వేడినో, అలజడినో అనుమానించాలి. పిల్లలు తొలి రోజుల్లోనే ఒక్కొక్కటిగా చనిపోతుంటే తిండి కొరత. ఉన్నవన్నీ ఒక్క రాత్రిలో మాయమైతే పాము, పిల్లి, ఎలుక. మూడింటికి మూడు వేర్వేరు చికిత్సలు.

విజయ శాతం లెక్కించడంలో ఒక ఉచ్చుంది. మొదట్లోనే చెడిపోయిన గూళ్లు మన కంటపడవు. మనకి దొరికేవి కొన్నాళ్లు నిలిచినవే. కాబట్టి 20 గూళ్లు దొరికి 12 గట్టెక్కితే 60 శాతం అనుకోవడం తప్పు. హెరాల్డ్ మేఫీల్డ్ 1961లో చూపిన మార్గం, గూళ్లని కాకుండా గూటి రోజుల్ని లెక్కించడం. ఉదాహరణకి ఆ 20 గూళ్లనీ దొరికిన నాటి నుంచి చివరి దాకా చూసిన రోజులన్నీ కలిపితే 240 అయ్యాయనుకోండి. చెడినవి 8. రోజుకి చెడే అవకాశం 8 భాగించు 240, అంటే 0.033. గూడు ఒక రోజు నిలిచే అవకాశం 0.967. గుడ్డు నుంచి ఎగిరే దాకా 28 రోజులనుకుంటే ఆ సంఖ్యని 28 సార్లు వేసి ఒకదానితో ఒకటి హెచ్చించాలి: 0.39 వస్తుంది. 60 కాదు, 39 శాతం. రెండు అంకెల మధ్య ఉన్నది సంఘం వార్షిక నివేదికకీ నిజానికీ మధ్య ఉన్న దూరం.

సీజన్ ముగిశాక పాత గూడు తీసేసి, మరిగే నీళ్లు పోసి, పూర్తిగా ఆరనివ్వాలి. పురుగు మందు చల్లొద్దు.

గింజలు, నీళ్లు పెట్టేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఒకే పళ్లెం దగ్గర పక్షులు గుమిగూడితే రోగాలూ గుమిగూడతాయి. బ్రిటన్‌లో 2006 నుంచి గ్రీన్‌ఫించ్‌లు కుప్పకూలడానికి ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కారణం; తిండి పెట్టే చోట్లే అది పాకింది. అమెరికాలో 1994లో హౌస్ ఫించ్‌లకి కళ్లు వాచి మూసుకుపోయే మైకోప్లాస్మా జబ్బు బయటపడినప్పుడు, అది ఖండం మీద ఎటు పాకుతోందో కనిపెట్టింది ఇళ్ల దగ్గర గింజలు పెట్టే మామూలు మనుషులే. వాళ్లు జబ్బు పక్షి కనబడిన రోజులతో పాటు ఆరోగ్యమైనవే కనబడిన రోజులూ రాశారు కాబట్టి ఆ పటం సాధ్యమైంది. రెండు వారాలకొకసారి పళ్లేల్ని సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి, తడి లేకుండా ఆరబెట్టాలి. జబ్బు పక్షి కనబడితే పళ్లేలన్నీ కనీసం రెండు వారాలు తీసేయాలి. అలవాటైన పక్షులు ఆకలితో పోతాయేమోనని జాలిపడనక్కర్లేదు, వేరే చోటు వెతుక్కుంటాయి. నీళ్ల తొట్టి లోతు 5 సెంటీమీటర్లు దాటకూడదు, నీళ్లు రోజూ మార్చాలి.

లెక్క ఎవరి బల్ల మీదికి చేరాలి

షికాగోలో సరస్సు ఒడ్డున మెకార్మిక్ ప్లేస్ అనే పెద్ద గాజు భవనం ఉంది. ఫీల్డ్ మ్యూజియంలో పనిచేసిన డేవిడ్ విలర్డ్ 1978 నుంచి దాని చుట్టూ తిరుగుతూ గాజుకి కొట్టుకుని చచ్చిన వలస పక్షుల్ని సేకరించి నమోదు చేశారు. ఏళ్లు గడిచేసరికి వాటి సంఖ్య సుమారు 40 వేలు. ఆ సమాచారంతో 2021లో వచ్చిన అధ్యయనం, వెలిగే కిటికీల వైశాల్యం తగ్గిస్తే చావులు 60 శాతం దాకా తగ్గుతాయని చెప్పింది. 2023 అక్టోబరు 5న ఒక్క రాత్రిలో దాదాపు వెయ్యి పక్షులు అక్కడ చనిపోయాయి. ఆ వార్త లోకమంతా పాకింది, 2024లో గాజు మీద చుక్కల పొర అతికించారు, ఆ శరత్తులో చావులు సుమారు 95 శాతం తగ్గాయి. ఇందులో జనాన్ని కదిలించింది ఆ ఒక్క రాత్రే. కానీ పొర పని చేసిందని రుజువు చేయగలిగింది మాత్రం అంతకు ముందున్న నలభై ఏళ్ల నోటు పుస్తకాలు.

ఇది ఎక్కడైనా చేయదగ్గ పని. ఒక భవనం ఎంచుకోండి. ఊడ్చేవాళ్లు రాకముందు, సూర్యోదయానికి, గోడ అంచు నుంచి రెండు మీటర్ల వెడల్పులో చుట్టూ ఒకసారి నడవండి. ఏ వైపు గోడ, ఏ జాతి, చచ్చిందా సొమ్మసిల్లిందా, ఎన్నింటికి అన్నవి రాయండి. ఏమీ దొరకని రోజు సున్నా రాయండి. కాకులు, పిల్లులు, ఊడ్చేవాళ్లు ఎత్తుకుపోయేవి కొన్ని ఎప్పుడూ ఉంటాయి కాబట్టి మీ సంఖ్య అసలుకన్నా తక్కువే. చాలా దేశాల్లో చచ్చిన అడవి పక్షిని, ఈకనైనా సరే, దగ్గర ఉంచుకోవడానికి అనుమతి కావాలి. ఫొటో తీసి వదిలేయడం క్షేమం. పరిష్కారం ఖరీదైనదేమీ కాదు: గాజు బయటి వైపున, అడ్డంగానూ నిలువుగానూ 5 సెంటీమీటర్లకు మించని ఎడంతో చుక్కలు. గాజంతటికీ ఒక్క డేగ బొమ్మ అతికిస్తే పక్షి ఆ బొమ్మని తప్పించుకుని పక్కనున్న గాజుకి కొట్టుకుంటుంది.

లెక్క డబ్బుని కూడా సరైన చోటికి మళ్లించగలదు. కాలిఫోర్నియాలో 2014లో మొదలైన బర్డ్‌రిటర్న్స్ కార్యక్రమం ఈ-బర్డ్ జాబితాల నుంచి తీరపు పక్షులు ఏ వారాల్లో ఎక్కడ దిగుతాయో అంచనా కట్టి, ఆ కొద్ది వారాల పాటు వరి మళ్లలో నీళ్లు నిలిపినందుకు రైతులకి సొమ్ము చెల్లించింది. భూమి కొనలేదు, అవసరమైనన్ని రోజులు అద్దెకి తీసుకున్నట్టు. అస్సాంలో పూర్ణిమా దేవి బర్మన్ కూడగట్టిన ఊరి ఆడవాళ్లు హర్గిలా కొంగల గూళ్లున్న చెట్లని నరకకుండా కాపాడారు, గూటి నుంచి జారే పిల్లల కోసం కింద వలలు కట్టారు, ఏటా గూళ్లు లెక్కించారు. కామరూప్ జిల్లాలోని ఆ గ్రామాల్లో 28 ఉన్న గూళ్లు 250 దాటాయి. 2023లో ఆ పక్షి, ఏ జీవికి అంతరించే ముప్పు ఎంతుందో చెప్పే ఐయూసీఎన్ జాబితాలో ప్రమాద స్థాయి నుంచి కాస్త మెరుగైన వర్గంలోకి మారింది. పండగలు, పాటలు, చీరల మీద కొంగ బొమ్మలు కూడా ఉన్నాయి అందులో. గూళ్ల లెక్క లేకుంటే వాటి ఫలితం ఎవరికీ తెలిసేది కాదు.

అధికారి దగ్గరికి వెళ్లేటప్పుడు మూడు వందల జాబితాల మూట పట్టుకెళ్లొద్దు. ఒక్క పేజీ చాలు: ఒక పటం, ఒక గ్రాఫు, ఒక కోరిక. ‘ఫలానా గట్టు మీద గడ్డి కోత జులై దాకా ఆపండి, ఎందుకంటే నేల మీద గూళ్లు పెట్టే తీతువులు అప్పటిదాకా పొదుగుతున్నట్టు నాలుగేళ్ల లెక్కలో ఉంది’ అనాలి. ‘పక్షుల్ని కాపాడండి’ అంటే ఆయనా సరేనంటాడు, అక్కడితో ఆగిపోతుంది.

అన్నీ అందరికీ చెప్పాల్సిన పని మాత్రం లేదు. గూడు చోటు, గుడ్లగూబ పగలు నిద్రపోయే చెట్టు, వేటగాళ్ల కన్నున్న జాతులు సీజన్ ముగిసేదాకా బయటపెట్టకూడదు. ఈ-బర్డ్ కొన్ని సున్నితమైన జాతుల చోటుని తనే దాస్తుంది, కానీ వాట్సాప్‌లో పంపిన ఫొటో వెనక గుడి గోపురం కనబడితే ఆ దాపరికం దండగ. ఫొటో కోసం కూత వినిపించి పక్షిని రప్పించడం పొదిగే కాలంలో మానేయాల్సిన పని. లేని శత్రువుతో పోరాడటానికి ఆ పక్షి గూడు వదిలి వస్తుంది.

చివరగా ఎవరూ ముందుగా ఆలోచించని చిక్కు: లెక్కించే మనిషి మారడం. ఒకే చోట నెలకో లెక్క చొప్పున రెండేళ్లు రాసినా పది శాతం తేడా పట్టుకోలేం, వానలు పడటం పడకపోవడమే దాన్ని మింగేస్తుంది. ఐదు నుంచి పదేళ్ల వరస కావాలి. ఆ లోపు ఎవరో ఒకరు బదిలీ మీద పోతారు, చదువుకి పోతారు, విసిగిపోతారు. అందుకని ప్రతి చోటికీ మొదటి నుంచే ఇద్దరిని పెట్టండి. మజిలీల గుర్తులు, దారి పటం, మొదలుపెట్టే వేళ ఒక కాగితం మీద రాసి పుస్తకంలో అతికించండి. మారే ముందు కనీసం నాలుగు నడకలు పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి వెళ్లి, ఒకరి కాగితం ఒకరు చూడకుండా విడివిడిగా రాయాలి. అయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి, ఏ జాతిలో ఎవరికెంత తేడా వచ్చిందో అదే పుస్తకంలో నమోదు చేయాలి. కొత్తమనిషికి బుల్బుల్‌లు పాతమనిషి కన్నా మూడో వంతు తక్కువ దొరుకుతుంటే, వచ్చే ఏడాది గ్రాఫులో పడే గుంట పక్షిది కాదని ఆ పేజీ చెబుతుంది.